పాత కాలపు వినోద పార్కుకు తొలిసారి వెళ్తున్నవారికి: ముందు ఏం చూడాలి, తర్వాత ఏం ఎక్కాలి

మీ ప్రశ్నలో నాకు మూడు సందేహాలు కనిపించాయి. తొమ్మిదేళ్ల పాపనూ, అరవై అయిదేళ్ల అమ్మగారినీ వెంటబెట్టుకుని మీరు మొదటిసారి ఒక పాత కాలపు వినోద పార్కుకు వెళ్తున్నారు. ఇంతకుముందు చూసినవన్నీ కొత్తగా కట్టిన పెద్ద థీమ్ పార్కులే కాబట్టి పాపకు అక్కడ విసుగు పుడుతుందేమోనన్నది మొదటి సందేహం, వందేళ్ల నాటి చెక్క రోలర్ కోస్టర్ ఎక్కడం క్షేమమేనా అన్నది రెండోది, గేటు దాటాక ఎక్కడ మొదలుపెట్టాలన్నది మూడోది. ఇరవై ఎనిమిదేళ్లు రైడ్ల నిర్వహణలో, అందులోనూ ఎక్కువ కాలం ఒక చెక్క కోస్టర్ మీదా ఒక గుర్రాల రంగులరాట్నం మీదా పనిచేసినవాడిని కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. పాత పార్కులో యంత్రం మీ కళ్లెదుటే ఉంటుంది. కొత్త పార్కుల్లో గొలుసులు, మోటార్లు, బ్రేకులు అన్నీ గోడల వెనకా బొమ్మల వెనకా దాగి ఉంటాయి. ఇక్కడ అవన్నీ ఆరుబయట, చేతికి అందేంత దగ్గరలో పనిచేస్తుంటాయి. అందుచేత ఇక్కడి ఆనందంలో సగం ఎక్కడంలో ఉంటే తక్కిన సగం చూడడంలో ఉంది. గేటు తెరిచే వేళకే చేరుకుని, మొదటి గంట ఏదీ ఎక్కకుండా చూస్తూ తిరగండి. మీ మూడు సందేహాల్లో రెండింటికి ఆ గంటలోనే జవాబు దొరుకుతుంది.

ఈ పార్కులు ఎలా పుట్టాయో కొంచెం తెలిస్తే వాటిలో ఎలా తిరగాలో కూడా తెలుస్తుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ శివారు అడవిలో ఉన్న బాకెన్ తన చరిత్రను 1583 నుంచి లెక్కించుకుంటుంది. అక్కడి ఊటనీటి కోసం వచ్చిన జనం చుట్టూ ఆటగాళ్లు, అంగళ్లు చేరడంతో అది మొదలైంది. అదే నగరం నడిబొడ్డున జార్జ్ కార్‌స్టెన్సెన్ 1843లో టివోలీని తెరిచాడు. టోక్యోలోని హనాయాషికి 1853లో పూలతోటగా పుట్టింది. అందులోకి రోలర్ కోస్టర్ వచ్చింది సరిగ్గా వందేళ్ల తర్వాత, 1953లో. అమెరికాలో దారి వేరు. 19వ శతాబ్దం చివర విద్యుత్ ట్రాములు నడిపిన కంపెనీలు, సెలవు రోజుల్లో ఖాళీగా తిరిగే బండ్లను నింపుకోవడానికి, లైను చివర చెట్లూ నీళ్లూ ఉన్న చోటు చూసి పార్కులు పెట్టాయి. పిట్స్‌బర్గ్ దగ్గరి కెన్నీవుడ్ 1898లో అలా పుట్టినదే.

తోటగానో ట్రాము చివరి మజిలీగానో మొదలైన ఇటువంటి పార్కులు ఒక్కరు ఒక్కసారి గీసిన పటం ప్రకారం కట్టినవి కావు కనుక, వాటిలో ఒకే కథ గానీ ఒకే దారి గానీ ఉండవు. ఒక తరం వారు గుర్రాల రాట్నం పెట్టారు, తర్వాతి తరం వారు దాని పక్కన చెక్క కోస్టర్ కట్టారు, ఆ తర్వాతివారు మిగిలిన ఖాళీలో డ్యాషింగ్ కార్ల షెడ్డు వేశారు. పెద్ద చెట్టు అడ్డం వచ్చిన చోట రైడే పక్కకు జరిగింది. లోయ ఉన్న చోట కోస్టర్ ఆ లోయలోకే దిగింది. కెన్నీవుడ్‌లో 1920లో కట్టిన జాక్ రాబిట్ కోస్టర్ నేల పల్లాన్నే తన పల్లంగా వాడుకుంటుంది కాబట్టి, కింద నిలబడి చూసేవారికి కనిపించేదానికంటే ఎక్కినవారు పడే లోతు ఎక్కువ. మ్యాపు పట్టుకుని వరుసగా గడులు కొట్టేసుకుంటూ పోయే అలవాటు ఇక్కడ పనికిరాదు. రెండేసి మూడేసి సార్లు ఒకే చోటికి తిరిగి రావడానికి సిద్ధపడి వెళ్లండి. మీ అమ్మగారికి కూడా ఇదే అనుకూలం, ఎందుకంటే పాత పార్కుల్లో నీడా బెంచీలూ సాధారణంగా పుష్కలంగా ఉంటాయి, ఆమె ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఏదో ఒకటి కదులుతూ కనిపిస్తుంది.

టికెట్ల సంగతి కూడా ముందే కనుక్కోండి. కొన్ని పాత పార్కుల్లో లోపలికి వెళ్లడానికి ఏమీ చెల్లించనక్కరలేదు, ఎక్కిన రైడుకు మాత్రమే టికెట్టు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో 1926 నుంచి నడుస్తున్న నోబెల్స్ పార్కు ఇప్పటికీ అలాగే ఉంది. అటువంటి చోట, రెండు మూడు రైడ్లకు మించి ఎక్కని పెద్దవారికి రోజంతటి పాసు కొనవద్దు. పాపకు మాత్రం పాసు ఉంటే అదే కొనండి. నచ్చిన రైడును అయిదోసారి ఎక్కుతానని అడిగినప్పుడు టికెట్లు లెక్కపెట్టుకోవలసిన పని ఉండకూడదు.

ఇక ఉదయం సంగతికి వస్తాను. చెక్క కోస్టర్ ఉన్న చోటికి జనం ఎక్కకముందే వెళ్లి కంచె పక్కన నిలబడండి. ఆ రోజు పని ఎప్పుడో తెల్లవారుజామున మొదలై ఉంటుంది. ఒక మనిషి, ఒక్కోసారి ఇద్దరు, నడుముకు పట్టీ కట్టుకుని, చేతిలో సుత్తి, స్పానర్ పట్టుకుని పట్టా వెంబడి మొదటి నుంచి చివరి దాకా నడుస్తారు. ఎత్తు ఎక్కే చోటా నడవడమే, దిగే చోటా నడవడమే. బోల్టు మీద సుత్తితో తడితే బిగువుగా ఉన్నది కంగుమని పలుకుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. కొన్నేళ్లకు చూపు కంటే చెవే ముందు పసిగడుతుంది. చెక్కకు పగులు వచ్చిందా, మేకు తల పైకి లేచిందా, పట్టా మీది ఉక్కు బద్ద ఎక్కడైనా అరిగిందా అని చూసుకుంటూ పోవాలి. నేను ఈ పనిలో చేరిన కొత్తలో నాకు నేర్పిన పెద్దాయన చలికాలపు ఉదయాల్లో కూడా చేతి తొడుగు తీసేసి, వట్టి అరచేతిని ఉక్కు బద్ద అంచు మీద మెల్లగా జరుపుతూ వెళ్లేవాడు. వెంట్రుకంత గరుకు తగిలినా ఆగి, అక్కడ సున్నంతో గీత పెట్టేవాడు. ఆ గీత చెరిగితే తప్ప ఆ రోజు బండి కదలకూడదన్నది ఆయన నియమం.

నడక అయ్యాక ఖాళీ బండిని కొన్నిసార్లు తిప్పుతారు. ఆ ఖాళీ చుట్లను పాపకు తప్పకుండా చూపించండి. మనుషులు లేని బండి గొలుసు మీద టకటకమంటూ ఎక్కి, ఒక్క క్షణం ఆగినట్టు అనిపించి, జారిపోవడం చూస్తే, ఆ యంత్రం ఏం చేస్తుందో ఏ వివరణా లేకుండానే అర్థమవుతుంది.

ఆ టకటక శబ్దం గురించి చాలామంది భయపడతారు గానీ, నిజానికి అది మీకు ధైర్యం ఇవ్వవలసిన శబ్దం. బండి కింద ఒక ఉక్కు నాలుక ఉంటుంది. ఎక్కుడు పొడవునా పట్టా మధ్యలో రంపపు పళ్ల వంటి మెట్లు ఉంటాయి. బండి పైకి పోతున్నంతసేపూ ఆ నాలుక ఒక్కో పన్ను దాటి కింద పడుతూ టక్కుమంటుంది. గొలుసు తెగినా, కరెంటు పోయినా, బండి వెనక్కి జారబోతే నాలుక ఆ పంటికి తట్టుకుని అక్కడే నిలిపేస్తుంది. శిఖరం దాటాక శబ్దం ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడి నుంచి బండిని నడిపేది మోటారు కాదు, ఎక్కిన ఎత్తే. 25 మీటర్ల ఎత్తు నుంచి ఏ రాపిడీ లేకుండా జారితే గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగం వస్తుంది. చక్రాల రాపిడి, గాలి కొంత కాజేస్తాయి కనుక నిజంగా వచ్చేది దానికి కొంచెం తక్కువ. తర్వాత వచ్చే గుట్టలు మొదటిదానికంటే పొట్టిగా ఉండడానికి కారణం కూడా ఆ నష్టమే.

కొత్త బండ్లలో ఉన్నట్టే ఇక్కడి బండికి కూడా సాధారణంగా మూడు రకాల చక్రాలుంటాయి: పట్టా మీద దొర్లేవి, పక్కల నుంచి పట్టి ఉంచేవి, పట్టా కింది నుంచి పట్టుకుని బండి పైకి లేవకుండా ఆపేవి. ఈ మూడో రకాన్ని జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ చేశాడు. రోలర్ కోస్టర్ల చరిత్రలో నా దృష్టిలో అంతకంటే గొప్ప మలుపు ఇంకొకటి లేదు. అంతకుముందు బండి తన బరువుతోనే పట్టా మీద నిలవాలి కాబట్టి నిటారు దిగుళ్లు, పదునైన గుట్టలు కట్టడానికి వీల్లేకపోయింది. పెన్సిల్వేనియాలోని లేక్‌మాంట్ పార్కులో 1902లో కట్టిన లీప్ ద డిప్స్ ఆ పాత పద్ధతికి చెందినది. ప్రపంచంలో నిలిచి ఉన్న రోలర్ కోస్టర్లలో అన్నింటికంటే పాతది అదే, ఎత్తు 41 అడుగులు మాత్రమే. మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912 నాటి సీనిక్ రైల్వే మీదా, టివోలీలో 1914 నాటి చెక్క కోస్టర్ మీదా బండితోపాటు బ్రేకు పట్టే మనిషి కూడా ప్రయాణిస్తాడు. ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో అతని చేతికే తెలియాలి. మీరు వెళ్లే పార్కులో అటువంటి మనిషి ఉంటే అతని పక్కనో వెనకనో చోటు దొరికేలా చూసుకోండి. పాప ఆ ప్రయాణాన్ని మరచిపోదు.

క్షేమం సంగతి విడిగా చెప్పాలి. వందేళ్ల కోస్టర్ అంటే వందేళ్ల చెక్క మీద మనం వెళ్తున్నామని అనుకుంటారు. అది నిజం కాదు. చెక్క కోస్టర్ పట్టా పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి, పైన ఉక్కు బద్ద పరచిన నిర్మాణం. ఏటా పార్కు మూసి ఉండే నెలల్లో కొంత భాగాన్ని విప్పి కొత్త చెక్కతో మళ్లీ కడతారు, మరుసటి ఏడు ఇంకొంత. ఆకారం పాతదే, లెక్కలు పాతవే, చెక్క మాత్రం ఎప్పటికప్పుడు మారుతూ వస్తుంది. కోస్టర్ పక్కన నిలబడి చూస్తే నల్లబడిన స్తంభాల మధ్య లేత పసుపు రంగు కొత్త పలకలు మీకే కనిపిస్తాయి. అవి కనిపించడం మంచి గుర్తు. నోబెల్స్‌లోని ఫీనిక్స్ కథ దీనికి మంచి ఉదాహరణ: టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో మూతపడిన పార్కులో పడి ఉన్న కోస్టర్‌ను విప్పి, చెక్కలకు గుర్తులు వేసి, పెన్సిల్వేనియాకు తరలించి, 1985లో మళ్లీ నిలబెట్టారు. చెక్క కోస్టర్లను ఇష్టపడేవారు ఇప్పటికీ దాని పేరు చెప్పగానే ముఖం విప్పార్చుకుంటారు.

బండి మలుపు తిరిగినప్పుడు స్తంభాలు కొద్దిగా ఊగడం చూసి కూడా కంగారుపడకండి. చెక్క కోస్టర్ ఊగాలి. ఊగుతూ ఆ అదురును తనలో కలుపుకుంటుంది. కదలకుండా బిర్రబిగిసి ఉంటే ఆ బలమంతా బోల్టుల మీద పడి కీళ్లు విడిపోతాయి. మరి దేనికి కంగారుపడాలి? ఎక్కేవారి అడ్డకడ్డీని చేత్తో లాగి చూడకుండానే బండి పంపేసే ఆపరేటర్ కనిపిస్తే, ఎత్తు కొలిచే కర్ర దగ్గర పిల్లలను కొలవకుండా వదిలేస్తుంటే, సీటు పట్టీలు చిరిగి ఉంటే, ఆ రైడు ఎక్కవద్దు. అది వందేళ్లదైనా, నిరుడు కట్టినదైనా ఇదే మాట. యంత్రం వయసు కంటే దాని దగ్గర నిలబడిన మనిషి శ్రద్ధ ముఖ్యమన్నది నా అనుభవం. పది నిమిషాలు గమనిస్తే ఆ శ్రద్ధ ఉందో లేదో ఎవరికైనా తెలిసిపోతుంది. మెడ, నడుము, గుండె జబ్బులు ఉన్నవారు, గర్భిణులు, ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు మాత్రం చెక్క కోస్టర్ ఎక్కకూడదు. దాని కుదుపు నిజమైన కుదుపు.

అయితే పాపను నేరుగా కోస్టర్ దగ్గరికి తీసుకువెళ్లకండి. ఈ విషయంలో నాకు బాధ మిగిల్చిన అనుభవం ఒకటి ఉంది. మా అక్క కొడుకుకు ఎనిమిదేళ్లప్పుడు, నేను పనిచేసే చోటును వాడికి గర్వంగా చూపించాలన్న ఉత్సాహంతో, గేటు తెరవగానే మొదటి బండిలో, చివరి వరుసలో కూర్చోబెట్టాను. వాడు ఏడవలేదు, అరవలేదు, దిగాక నా చేయి మాత్రం వదల్లేదు. ఆ రోజు మరే రైడూ ఎక్కలేదు. మళ్లీ కోస్టర్ ఎక్కడానికి వాడికి ఆరేళ్లు పట్టింది. తప్పు కోస్టర్‌ది కాదు, వరుస తప్పిన నాది.

మొదట గుర్రాల రంగులరాట్నం ఎక్కండి. తొమ్మిదేళ్ల పిల్లలు అది చిన్నపిల్లల ఆట అని ముఖం తిప్పుకుంటారు. అప్పుడు పాపను దానిపైకి ఎక్కించకుండా, గుర్రం పక్కన నిలబెట్టి చూపించండి. మంచి పాత రాట్నం మీది గుర్రాలు చేత్తో చెక్కినవి. మొండెం ఒకే దుంగ కాదు. పలకలు అతికించి పెట్టెలా చేసి, లోపల బోలుగా ఉంచి, పైన చెక్కుతారు, లేకపోతే అంత బరువును పైనున్న ఇరుసులు మోయలేవు. కాళ్లూ మెడా విడిగా చెక్కి అతికిస్తారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు రంగు కింద ఆ అతుకు గీతలు సన్నగా కనిపిస్తాయి. తోకలు కొన్నింటికి నిజమైన గుర్రపు వెంట్రుకలే. గుర్రం చుట్టూ ఒకసారి నడవండి: చూసేవారి వైపు ఉన్న పార్శ్వం మీద జీను అంచులు, పూలు, అద్దపు రాళ్లు, ఎగిరే జూలు అన్నీ ఉంటాయి, లోపలి వైపు చాలావరకు సాదాగా వదిలేసి ఉంటుంది. అమెరికాలో రాట్నాలు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి కాబట్టి అక్కడి గుర్రాలకు కుడి పక్క అలంకారం. బ్రిటన్‌లో ముల్లు వెంట తిరుగుతాయి కాబట్టి ఎడమ పక్క. ఈ ఒక్క సంగతి చెబితే పిల్లలు ప్రతి గుర్రం చుట్టూ తిరిగి పరీక్ష చేయడం మొదలుపెడతారు.

తర్వాత తల పైకెత్తి చూడమనండి. ప్రతి గుర్రం కడ్డీ పైన ఒక వంకర ఇరుసుకు వేలాడుతుంది. ఆ ఇరుసు లోపలి కొస పళ్లచక్రమై, నడుమ కదలకుండా ఉన్న పెద్ద పళ్లచక్రం మీద దొర్లుతుంది. రాట్నం తిరగడంతోనే ఇరుసు తిరుగుతుంది, ఇరుసు వంకర వల్ల గుర్రం లేస్తూ పడుతుంది. వేరే మోటారు ఏమీ లేదు. పక్క పక్క వరుసల గుర్రాలు ఒకటి లేస్తుంటే ఒకటి దిగడం కూడా ఆ వంకరలను ఎదురెదురు దిశల్లో పెట్టడం వల్లే. బయటి వరుసలో కాళ్లు నేలకు ఆన్చి నిలిచి, లేవని గుర్రాలు ఉంటే, చెక్కడంలో అవే అందరికంటే గొప్పవి కావచ్చు. వాటిని చూడండి, ఎక్కేటప్పుడు మాత్రం ఎగిరేదాన్ని ఎంచుకోండి.

ఏ వరుసలో ఎక్కాలన్నదీ ఆలోచించవలసిందే. రాట్నం నిమిషానికి అయిదు చుట్లు తిరుగుతుందనుకుందాం. నడిమి నుంచి 4 మీటర్ల దూరంలో ఉన్న గుర్రం వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. 7 మీటర్ల దూరంలో ఉన్నదాని వేగం పదమూడు. చుట్లు ఒకటే అయినా పరుగు దాదాపు రెట్టింపు. అందుచేత మీ అమ్మగారికి లోపలి వరుస లేదా రథం ఆకారపు కూర్చునే బండి, పాపకు బయటి వరుస. కొన్ని రాట్నాల దగ్గర తిరుగుతూనే ఉంగరం అందుకునే ఆట ఇంకా మిగిలి ఉంది. నోబెల్స్‌లోని 1913 నాటి పెద్ద రాట్నం మీద, కాలిఫోర్నియా తీరాన శాంటా క్రూజ్‌లో 1911 నాటి రాట్నం మీద బయటి వరుసవారు చేయి చాచి ఇప్పటికీ ఉంగరాలు లాగుతారు. అన్నీ ఇనుప ఉంగరాలే వచ్చే చోట ఇత్తడిది చేతికి వస్తే బహుమతి.

రాట్నం మధ్యలోనో పక్కనో గాలితో పలికే వాద్యపు పెట్టె ఉంటే అమ్మగారిని దాని ఎదుట కూర్చోబెట్టండి. అందులో వాయించే మనిషి ఉండడు. రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టో, మడత అట్టలో మెల్లగా జరుగుతుంటే, ఒక్కో రంధ్రం ఒక్కో గొట్టానికి గాలి తలుపు తెరుస్తుంది. వెనక వైపు చూసే వీలుంటే తిత్తులు ఊపిరి తీసినట్టు లేచి పడడం కనిపిస్తుంది. దగ్గరగా వింటే ఇది చాలా గట్టిగా మోగుతుంది, ఎందుకంటే జనం సందడిని మించి వినిపించాలని చేసినదే అది. పది అడుగుల దూరం పాటించండి.

రాట్నం అయ్యాక జెయింట్ వీల్. జార్జ్ ఫెర్రిస్ 1893లో షికాగో ప్రదర్శనకు కట్టిన మొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తుండేది. అది ఇప్పుడు లేదు. వియన్నాలో 1897లో కట్టినది, న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో 1920లో తెరిచిన వండర్ వీల్ ఇంకా తిరుగుతున్నాయి. వియన్నా చక్రం 1944లో కాలిపోయింది, మళ్లీ నిలబెట్టినప్పుడు ముప్పై గదులకు బదులు పదిహేనే తగిలించారు. అది నెమ్మదిగా తిరుగుతుంది, లోపల నిలబడి నడవవచ్చు. మామూలు పార్కుల్లోని చిన్న చక్రం దగ్గర ఒక సంగతి గమనించండి. ఆపరేటర్ వరుసగా పక్క పక్క సీట్లు నింపడు. ఒక సీటు నింపి, చక్రాన్ని అరచుట్టు తిప్పి, ఎదురు సీటు నింపుతాడు, ఆ తర్వాత ఆ రెండింటి మధ్యవి. ఒకే పక్క బరువు పడితే చక్రం లాగేస్తుంది కాబట్టి ఇది. మంచి ఆపరేటర్ వరుసలో నిలబడినవారిని చూపుతోనే తూచి, ఎవరిని ఎవరికి ఎదురుగా కూర్చోబెట్టాలో ముందే అనుకుంటాడు. ఎక్కిన వెంటనే పైన ఆగిపోయారంటే యంత్రం చెడిందని అనుకోకండి, కింద మీ ఎదురు సీటు నిండుతోందని అర్థం.

తిరిగే రైడ్ల విషయంలో ఒక్క సూత్రం చాలు: బలం బయటికి నెడుతుంది కాబట్టి పెద్దవారు బయటి పక్క, పిల్లలు లోపలి పక్క కూర్చోవాలి. తిరగేస్తే పాప మీ బరువు కింద నలిగిపోతుంది. హెర్బర్ట్ సెల్నర్ 1926లో తయారుచేసిన టిల్ట్-ఎ-వర్ల్ కనిపిస్తే తప్పకుండా ఎక్కండి. ఎత్తుపల్లాలుగా ఉన్న వేదిక మీద తొట్లు తిరుగుతాయి, ఏ తొట్టి ఎప్పుడు గిర్రున తిరుగుతుందో, ఎప్పుడు అటూ ఇటూ ఊగి ఊరుకుంటుందో ముందుగా చెప్పడం భౌతికశాస్త్రవేత్తలకూ కుదరదు, కూర్చున్నవారి బరువు, ఒరిగిన తీరు కొంచెం మారినా ఆట మారిపోతుంది. ఒకే రైడు మూడుసార్లు ఎక్కినా మూడు రకాలుగా ఉంటుంది. డ్యాషింగ్ కార్ల గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పైకప్పు వలకు రాసుకునే కడ్డీ కొసన నీలి నిప్పురవ్వలు చూడమనండి, కరెంటు పై నుంచి వచ్చి ఉక్కు నేల గుండా తిరిగిపోతుందని చెప్పండి.

భోజనం అయ్యాక గంట సేపు తిరిగే రైడ్ల జోలికి పోకండి. ఆ వేళకు మినీ రైలు, పడవల సొరంగం, అద్దాల మహల్ సరిపోతాయి. కడుపులో తిప్పడం మొదలైతే కళ్లు మూసుకోవద్దు, దూరంగా కదలని వస్తువు మీద చూపు నిలపాలి.

ఇప్పుడు కోస్టర్ ఎక్కవచ్చు. సాయంత్రం దాకా ఆగమన్నందుకు ఇంకో కారణం కూడా ఉంది. పొద్దున చల్లగా ఉన్న చక్రాల గ్రీజు మందంగా ఉంటుంది. పగలంతా తిరిగి వేడెక్కాక బండి తేలికగా పరుగెత్తుతుంది, చివరి గుట్టల మీద కూడా ఒళ్లు సీటు నుంచి లేస్తుంది. చిన్న జల్లు పడి ఆగాక పట్టా తడిగా ఉంటే వేగం ఇంకా పెరుగుతుంది, అయితే గట్టిగా వాన కురిస్తే బ్రేకులు సరిగా పట్టవు కనుక నడపడం ఆపేస్తారు. అలా ఆపినప్పుడు విసుక్కోకండి.

పాప మొదటిసారి ముందు భాగంలో రెండో మూడో వరుసలో కూర్చోవాలి. శిఖరం దాటేటప్పుడు బండి ముందు భాగం మెల్లగా ఒరుగుతుంది, ఎందుకంటే వెనక బండి ఇంకా గొలుసు మీదే ఉంటుంది. చివరి వరుసను మాత్రం ముందు పడిపోతున్న బరువంతా కలిసి ఒక్కసారిగా లాగేస్తుంది. నేను మా అక్క కొడుకు విషయంలో చేసిన పొరపాటు అదే. ఒక్కో పెట్టెలో మూడు వరుసలుంటే నడిమి వరుస ఎంచుకోండి, చక్రాల ఇరుసు సరిగ్గా సీటు కింద ఉన్న వరుసల్లో కుదుపు ఎక్కువ. వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆన్చి, అడ్డకడ్డీని తేలికగా పట్టుకోవాలి; ఒళ్లంతా బిగబట్టినవారికే నొప్పులు వస్తాయి. కళ్లద్దాలు, ఫోన్లు, చెవిపోగులు ఎక్కకముందే అమ్మగారి చేతికి ఇవ్వండి. ఆమె కూర్చోవడానికి కోస్టర్ చివరి గుట్ట కనిపించే బెంచీ చూసిపెట్టండి, మీరు తిరిగి వచ్చేటప్పుడు పాప ముఖం ఆమెకు కనిపించాలి.

రెండు పట్టాల మీద రెండు బండ్లు పోటీపడే కోస్టర్ అయితే పాపకు ముందే ఒక చిక్కుప్రశ్న వేయండి: ఎడమ వైపు ఎక్కినవాళ్లం ఏ వైపు దిగుతాం? కెన్నీవుడ్‌లో 1927లో జాన్ మిల్లరే కట్టిన రేసర్‌లో చూడడానికి రెండు పట్టాలున్నా నిజానికి ఉన్నది ఒకటే పట్టా, తనలో తానే మెలిక పడి తిరిగి వస్తుంది. ఎడమ వైపు ఎక్కిన బండి కుడి వైపుకు వచ్చి ఆగుతుంది.

దిగాక పాప మళ్లీ ఎక్కుతానంటే, దీపాలు వెలిగే దాకా ఆగి, ఈసారి చివరి వరుసలో కూర్చోండి. చీకట్లో గుట్ట ఎక్కడ ముగుస్తుందో కనిపించదు, టకటక శబ్దం ఆగిపోవడం ఒక్కటే గుర్తు.